ఐస్ హాకీలో కొట్టుకుంటుంటే రిఫరీలు చూస్తూ ఎందుకు నిలబడతారు?

ఫ్రిస్కో ఫణి:
హాకీ అంటే నాకు తెలిసింది ధ్యాన్‌చంద్, ధన్‌రాజ్ పిళ్లై, అంతే. మొన్న శనివారం ఆఫీసులో ఒకాయన టికెట్లు మిగిలాయని ఇస్తే పిల్లాణ్ణి తీసుకుని డాలస్ స్టార్స్ మ్యాచ్‌కి వెళ్ళాను. రెండో పీరియడ్‌లో ఇద్దరు ఏదో అనుకున్నారు, కర్రలు కింద పడేశారు, గ్లోవ్స్ విదిలించి పారేశారు, పందెం కోళ్ళలా ఒక చుట్టు తిరిగారు, ఇక మొదలు. ఎడమచేత్తో ఎదుటివాడి జెర్సీ గుంజి పట్టుకోవడం, కుడిచేత్తో మొహం మీద గుద్దడమే గుద్దడం. చారల చొక్కా వాళ్ళిద్దరు రెండు గజాల దూరంలో, తాళి కట్టే టైం కోసం చూసే ఫొటోగ్రాఫర్లలా నిలబడ్డారు తప్ప ఆపలేదు. ఒకడు కింద పడ్డాకే మీద పడి విడదీశారు. జనమంతా లేచి నిలబడ్డారు, గోల్ పడినప్పుడు కూడా అంత అరవలేదు. పక్క సీటాయన బీరు నా ఒళ్ళో ఒలికినా ఆయనకి తెలియలేదు.

మావాడికి ఏడేళ్ళు. "నాన్నా, పోలీసులు రారా?" అని అడిగాడు. పోయిన నెలే క్లాసులో ఎవణ్ణో తోశాడని మమ్మల్నిద్దర్నీ పిలిపించి గంటసేపు కూర్చోబెట్టారు, అందుకే వాడికి డౌటు. నా దగ్గర జవాబు లేదు. ఇది ఆటలో భాగమా, తప్పా? తప్పయితే ఎందుకు ఊరుకుంటున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

చలిమంట:
ఫణి గారూ, ఎడ్మంటన్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ ఇదే అడుగుతాడు కాబట్టి జవాబు కంఠతా వచ్చేసింది. తప్పే. కొట్టుకున్న ఇద్దరినీ ఐదేసి నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెడతారు. ఆ చారల చొక్కా లైన్స్‌మన్ ఆగేది భయపడి కాదు. కాళ్ళకి బ్లేడ్లు ఉంటాయి, పైగా మధ్యలో దూరి ఒకడి చేతులు పట్టుకుంటే రెండోవాడి గుద్దు నేరుగా వాడి మొహానికి తగులుతుంది. అందుకని అలిసేదాకానో పడేదాకానో చూస్తారు.

ఇక ఎందుకు ఊరుకుంటారంటే, ఈ ఆట స్పీడు టీవీలో తెలియదు, రింక్ చుట్టూ ఉండే గ్లాసు గోడ పక్కన కూర్చుంటే తెలుస్తుంది. మడమ మీద కర్రపోటు, మోచేతి దెబ్బ, వెనక నుంచి గోడకేసి గుద్దడం, సగం రిఫరీ కంటపడవు. పడినా రెండు నిమిషాలతో పోతుంది. కానీ ఎదుటి బెంచి మీద ఆరున్నర అడుగులవాడు కూర్చుని నిన్నే చూస్తున్నాడంటే చెయ్యి కాస్త ఆగుతుంది. వాణ్ణి ఎన్‌ఫోర్సర్ అంటారు. హాకీలో అంత పెద్ద పేరున్న వేన్ గ్రెట్‌స్కీకి మా ఊరి జట్టు ఆయిలర్స్‌లో ఉన్నప్పుడు డేవ్ సెమెంకో ఉన్నాడు, తర్వాత మార్టీ మెక్‌సోర్లీ. 1988 ఆగస్టులో గ్రెట్‌స్కీని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేసినప్పుడు మెక్‌సోర్లీని కూడా తనతో పంపమని పట్టుబట్టింది గ్రెట్‌స్కీయే. అంత ఆటగాడు ఊరికే అడగడు కదా.

పాప్‌కార్న్:
కూర్చున్నా. ఇది పది పేజీలు పోద్ది.

పెరుగన్నం:
"తప్పే, ఐదు నిమిషాలు" అని సగం చెప్పి వదిలేశారు. మిగతా సగం నేను చెప్తాను. ఇద్దరికీ ఐదేసి నిమిషాలు పడితే వాళ్ళ బదులు బెంచి మీద నుంచి ఇంకో ఇద్దరు దిగుతారు. ఐస్ మీద ఐదుగురికి ఐదుగురు అలాగే ఉంటారు. జట్టుకి పైసా నష్టం లేదు. అదే ఎవడి కాలికైనా మీ కర్ర అడ్డం తగిలి వాడు బోర్లా పడ్డాడనుకోండి, మీ జట్టు రెండు నిమిషాలు నలుగురితో ఆడాలి. కాలికి అడ్డం పెడితే జట్టు మొత్తానికి శిక్ష, మొహం పగలగొడితే జట్టుకి ఏమీ లేదు. ఇది శిక్ష కాదండీ, టోల్ గేటు. కట్టి వెళ్ళిపోవడమే.

2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో, 2014లో సోచీలో ఆడింది కూడా ఈ ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్ల పెద్ద లీగ్) వాళ్ళే. అక్కడ కొట్టుకుంటే మ్యాచ్ నుంచి బయటికి పంపేస్తారు. అందుకని బుద్ధిగా ఆడారు. 2010 ఫైనల్లో కెనడా ఆటగాడు క్రాస్బీ గోల్ కొడితే ఈ దేశం వీధుల్లోకి వచ్చింది, గుద్దులు లేవని ఎవరూ టికెట్ డబ్బులు వాపసు అడగలేదు.

అడ్డప్రశ్న:
"ఊరుకుంటున్నారు" అనే మాటే తప్పు. ఎన్‌హెచ్‌ఎల్ రూల్‌బుక్‌లో 46వ నిబంధన మొత్తం దీని మీదే ఉంది. 1992లో ఇన్‌స్టిగేటర్ నిబంధన తెచ్చారు. మొదలుపెట్టినవాడికి ఐదు నిమిషాలు కాక ఇంకో రెండు నిమిషాలు, పైన పది నిమిషాల మిస్‌కండక్ట్. 5+2+10 = 17. ఆ రెండు నిమిషాలు జట్టుకి మనిషి తక్కువే. కాబట్టి "పైసా నష్టం లేదు" అన్నది తప్పు. సరిచేసుకోగలరు.

పెరుగన్నం:
ఇద్దరూ కళ్ళతోనే ఒప్పుకుని గ్లోవ్స్ వదిలితే మొదలుపెట్టింది ఎవరు సార్? అందుకే ఆ రూలు వేసేది ఎప్పుడో ఒకసారి.

అడ్డప్రశ్న:
ఎన్నిసార్లు వేస్తారన్నది వేరే ప్రశ్న. రూలు ఉందా లేదా?

ఆలూరోడు:
అన్నలూ, నాకు హాకీ తెలీదు, మాది కర్నూలు జిల్లా ఆలూరు పక్క. మాకు దగ్గర్లోనే దేవరగట్టు. దసరా రాత్రి బన్ని ఉత్సవం, మాళమల్లేశ్వర స్వామి విగ్రహాల కోసం ఊళ్ళూ ఊళ్ళూ కర్రలతో తలపడతాయి. ప్రతి ఏడూ తలలు పగుల్తాయి. పగిలిన చోట పసుపు అద్దుకుని మళ్ళా దిగుతారు. పోలీసులు వద్దని నెల ముందు నుంచి ఊరూరా మీటింగులు పెడతారు. పండగ రోజు వాళ్ళే వచ్చి బందోబస్తు చేస్తారు, పక్కనే డాక్టర్లు, మంచాలు, కుట్లు వేసే సామాను. ఆపడానికి వచ్చినారా జరిపించడానికి వచ్చినారా అని మా తాత నవ్వేటోడు. ఫణి అన్న చెప్పిన చారల చొక్కాలు అదే పని చేస్తున్నట్టుంది.

ఫ్రిస్కో ఫణి:
ఆలూరోడు గారూ, మావాడికి చెప్పడానికి ఇంతకంటే మంచి జవాబు దొరకదనుకుంటా. కాకపోతే వాడు వచ్చే దసరాకి దేవరగట్టు తీసుకెళ్ళమంటాడు.

చలిమంట:
దేవరగట్టుకీ దీనికీ పోలిక లేదు. అక్కడ అందరూ అందరినీ కొడతారు. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, దాన్ని "కోడ్" అంటారు. ఇష్టం లేనివాణ్ణి కొట్టకూడదు. వాడు కింద పడితే ఆపాలి. షిఫ్ట్ (ఐస్ మీద తన వంతు) చివర్లో అలిసిపోయినవాణ్ణి పిలవకూడదు. హెల్మెట్ తీస్తే అదనపు పెనాల్టీ అని 2013లో రూలు పెట్టారు. అంతకుముందు 2008 డిసెంబర్‌లో ఒంటారియో సీనియర్ లీగ్‌లో డాన్ శాండర్సన్ అనే 21 ఏళ్ళ కుర్రాడు కొట్లాటలో హెల్మెట్ ఊడి ఐస్‌కి తల కొట్టుకుని, మూడు వారాల తర్వాత పోయాడు. ఆ రూలు వచ్చిన నెలలోనే క్రిస్ బార్చ్, బ్రెట్ గాలంట్ అని ఇద్దరు ఏం చేశారో తెలుసా? ఎవడి హెల్మెట్ వాడు తీసుకుంటేనే కదా పెనాల్టీ అని, ఒకరి హెల్మెట్ ఒకరు మర్యాదగా తీసిపెట్టారు, వియ్యంకులు కండువాలు కప్పుకున్నట్టు. చేతులు వాచేలా హెల్మెట్ మీద గుద్దడం కంటే అది నయమని వాళ్ళ లెక్క.

ఇంకో సంగతి, ఇది దానంతటదే తగ్గిపోతోంది. 2008-09 సీజన్‌లో 700 పైన కొట్లాటలు జరిగాయి. పదేళ్ళకి, 2018-19లో 250 కూడా లేవు. ఎవరూ నిషేధించలేదు. ఆట స్పీడు పెరిగింది, స్కేటింగ్ రాని పహిల్వాన్‌కి జీతం ఇచ్చే ఓపిక జట్లకి పోయింది. పోయేదాన్ని పోనివ్వండి. నిషేధం ఎందుకు?

నేవార్క్ నైట్‌షిఫ్ట్:
2024 ఏప్రిల్ 3, రేంజర్స్ - డెవిల్స్ మ్యాచ్ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) ఐస్ మీద పడింది, అంతే, ఐదు జతలు ఒకేసారి కొట్టుకున్నాయి. ఎనిమిది మందిని బయటికి పంపేశారు. నేను సమోసా వేడి చేసుకుని వచ్చేలోపు అయిపోయింది. దానంతటదే తగ్గుతోందట!

పెరుగన్నం:
అదే నేనూ అడగబోతున్నాను. 2025 ఫిబ్రవరిలో మాంట్రియల్లో కెనడా - అమెరికా మ్యాచ్, మొదటి తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు. అప్పటికి ఎవరు ఎవరిని వెనక నుంచి పొడిచారు? రిఫరీ ఏ తప్పు చూడలేదు? అమెరికా వాళ్ళు ముందే గ్రూప్ చాట్‌లో అనుకున్నారు. మనం పిక్నిక్‌కి ఎవరు పులిహోర తేవాలో అనుకున్నట్టు. ఇందులో ఎవరు ఎవర్ని కాపాడినట్టు?

మీ "కోడ్" సంగతి కూడా మాట్లాడదాం. గ్రెట్‌స్కీ కాపలాదారు అని చెప్పిన మెక్‌సోర్లీయే 2000 ఫిబ్రవరిలో వాంకూవర్లో డొనాల్డ్ బ్రషీర్ తల మీద వెనక నుంచి కర్రతో కొట్టాడు, ఆట అయిపోవడానికి మూడు సెకన్లు ఉండగా. అంతకుముందు అదే మ్యాచ్‌లో ఇద్దరూ కోడ్ ప్రకారం కొట్టుకున్నారు, మెక్‌సోర్లీ ఓడాడు. కోర్టు దోషి అంది. ఫణి గారూ, పోలీసులు వస్తారు, అంతదాకా వెళ్తేనే.

నాలుగేళ్ళకి అదే వాంకూవర్, 2004 మార్చి 8. స్టీవ్ మూర్ అంతకుముందు నెల వాంకూవర్ కెప్టెన్ నాస్లండ్‌ని గట్టిగా గుద్దాడు. కోడ్ ప్రకారం బాకీ తీర్చాలి కాబట్టి ఆ మ్యాచ్ మొదటి పీరియడ్‌లోనే మాట్ కుక్‌తో కొట్టుకున్నాడు. బాకీ తీరిపోయింది కదా? మూడో పీరియడ్‌లో నాస్లండ్ జట్టువాడు టాడ్ బెర్టూజీ వెనక నుంచి వచ్చి కణత మీద గుద్ది, మీద పడ్డాడు. మెడ ఎముకలు విరిగాయి. మూర్ మళ్ళీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు. బాకీ ఎప్పుడు తీరిందో చెప్పేది ఎవరు? బాకీ ఉందనుకున్నవాడే.

చలిమంట:
అవి కొట్లాటలే కాదు. ఒకటి కర్రతో కొట్టడం, ఇంకొకటి వెనక నుంచి కొట్టడం. ఎదురెదురుగా నిలబడి తేల్చుకోనివ్వకపోతే జరిగేది అదేనని నేను మొదటి నుంచి చెప్తున్నాను. మీరు నా పక్షానే సాక్ష్యాలు తెస్తున్నారు.

పెరుగన్నం:
తేల్చుకోనిచ్చారండీ! ఆ రెండు మ్యాచ్‌లలోనూ ముందు ఎదురెదురుగా కొట్టుకున్నారు. నేను రాసింది చదివారా?

అడ్డప్రశ్న:
బెర్టూజీ ఘటన వేరే సంగతి. కానీ 1992 తర్వాత ఆ రూలు ఉంది కాబట్టి "ఊరుకుంటున్నారు" అన్న శీర్షిక ఇప్పటికీ తప్పే.

పాప్‌కార్న్:
శీర్షికలో "ఊరుకుంటున్నారు" అని లేదు బాబాయ్. "నిలబడతారు" అని ఉంది.

అడ్డప్రశ్న:
మొదటి పోస్టు చివరి పేరాలో ఉంది.

పెరుగన్నం:
సరే, అసలు విషయానికి వద్దాం. డెరిక్ బూగార్డ్. సస్కాచెవాన్ కుర్రాడు, నాన్న పోలీసు. పదిహేనేళ్ళప్పుడు ఒక మ్యాచ్‌లో కోపం వచ్చి ఎదుటి జట్టు బెంచిలోకి దూరి దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టాడు. స్టాండ్స్‌లో ఉన్న స్కౌట్లు అది చూసి వాడి పేరు రాసుకున్నారు. మామూలు లోకంలో ఆ పిల్లాణ్ణి ఇంటికి పంపాలి. వీళ్ళు లిస్టులో పెట్టుకున్నారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 277 మ్యాచ్‌లు ఆడి మూడంటే మూడు గోల్స్ కొట్టాడు. గోల్స్ కోసం పెట్టుకోలేదు కదా. నొప్పి మాత్రలు అలవాటయ్యాయి. 2011 మేలో, 28 ఏళ్ళకి, మద్యం మీద మాత్రలు పడి పోయాడు. బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు మెదడు పరీక్షించి సీటీఈ అన్నారు, దెబ్బ మీద దెబ్బ తగిలి వచ్చే జబ్బు, బతికుండగా ఖాయంగా తేల్చలేరు. ఆ ఒక్క వేసవిలోనే ఇంకో ఇద్దరు ఎన్‌ఫోర్సర్లు పోయారు, రిక్ రిపియన్, వేడ్ బెలాక్. బాబ్ ప్రోబర్ట్ అంతకు ముందు ఏడాది 45 ఏళ్ళకే గుండె ఆగి పోతే ఆయన మెదడులోనూ అదే జబ్బు.

2023లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు లెక్క తీశారు. ఎన్‌ఫోర్సర్లు మిగతా ఆటగాళ్ళతో పోలిస్తే సగటున పదేళ్ళు ముందు పోయారు. ఇంకా మీరు "పోయేదాన్ని పోనివ్వండి" అంటున్నారు. పోయేది కొట్లాటలా, మనుషులా?

చలిమంట:
ఆ పేపర్ నేనూ చదివాను. చనిపోయినవాళ్ళ సంఖ్యలో రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదని కూడా అందులోనే ఉంది, వయసులోనే తేడా. మీకు కావలసిన ముక్క మీరు తీసుకున్నారు. తలకి దెబ్బలు గుద్దుల వల్లే రావు, నియమం ప్రకారం ఇచ్చే బాడీ చెక్ (ఒంటితో గుద్ది ఆపడం) వల్ల ఇంకా ఎక్కువ వస్తాయి. మరి చెకింగ్ కూడా తీసేద్దామా? పక్ కూడా మెత్తటిది వాడదామా?

చూడండి, మన అమ్మలతో వచ్చే ఇబ్బందే ఇది. పిల్లల్ని హాకీలో చేరుస్తారు, రింక్ బయట కారులో కూర్చుని వణుకుతారు, చిన్న గీత పడితే ఆటే మార్చాలంటారు. చెస్ ఆడించండి, హాయిగా ఉంటుంది.

నేవార్క్ నైట్‌షిఫ్ట్:
అయిపోయింది ఇక.

పెరుగన్నం:
కారులో కూర్చుంటానా? తొమ్మిదేళ్ళు పొద్దున్న ఐదున్నరకి మైనస్ ఇరవైలో వాడి స్కేట్లు లేసులు కట్టింది నేను. తడిసిన గేర్ వాసన మీ ముక్కుకి ఎప్పుడైనా తగిలిందా? మీరు సోఫాలో పడుకుని ఇంకొకడి కొడుకు పళ్ళు రాలితే చప్పట్లు కొడతారు. మీకు పిల్లలు ఉన్నారో లేదో నాకు తెలియదు, కానీ ఉంటే వాళ్ళని ఈ ఆటలో పెట్టలేదని మాత్రం రాసిస్తాను. పెట్టి ఉంటే ఇలా మాట్లాడరు.

చలిమంట:
పిల్లలు లేరు. ఇంకేమైనా రాసిస్తారా?

మోడరేటర్:
ఇద్దరూ ఆగండి. ఇంటి విషయాలు వద్దు. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్తాను. అడ్డప్రశ్న గారూ, నాకు ప్రైవేట్ మెసేజ్‌లో రూల్‌బుక్ పంపడం మీరూ ఆపండి.

ఆలూరోడు:
పసుపు తెమ్మంటారా అన్నా?

చలిమంట:
రాత్రి నిద్ర పట్టలేదు కాబట్టి రాస్తున్నాను. అమ్మల గురించి అన్నది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోవట్లేదు, ఎందుకో చెప్తాను.

నేను ఇక్కడికి వచ్చింది 2006 జనవరిలో. చేతిలో ఎం.టెక్, చేసేది గోడౌన్‌లో నైట్ షిఫ్ట్. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు ఒకడు నా పేరుని వెక్కిరించేవాడు, అది సరే. లంచ్ బాక్స్ ఫ్రిజ్‌లోంచి తీసి చెత్తబుట్టలో పడేసేవాడు, కంపు అని. మూడుసార్లు. నాలుగోసారి ఫోర్క్‌లిఫ్ట్ నా మడమ దాకా తెచ్చి ఆపాడు, నవ్వాడు. సూపర్‌వైజర్‌కి చెప్పాను. రాసుకున్నాడు కూడా. తర్వాత "కొత్తవాడివి, సర్దుకుపో" అన్నాడు. అక్కడ రూల్స్ లేవా? గోడ మీద ఫ్రేమ్ కట్టి పెట్టారు, అడ్డప్రశ్న గారికి నచ్చేటట్టు.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబం, రిటైర్మెంట్‌కి దగ్గర, చేతులు రోకళ్ళలా ఉండేవి. ఒక రాత్రి ఫోర్క్‌లిఫ్ట్ ముందు వెళ్ళి నిలబడ్డాడు. ఏదో రెండు ముక్కలు అన్నాడు, నాకు వినపడలేదు. ఆ తర్వాత నా డబ్బా ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఏడాది ఆయిలర్స్ స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు) ఫైనల్ దాకా వెళ్ళారు, ఏడో మ్యాచ్‌లో కారొలైనా చేతిలో ఓడారు. ఆ మ్యాచ్‌లన్నీ ఆయన ఇంట్లో చూశాను, ఆట నేర్పింది ఆయనే. నాకు కొట్లాట ఇష్టం కాదండీ. రిఫరీ చూడని చోట ఒకడు వచ్చి నిలబడతాడన్న ధైర్యం ఇష్టం. అది మీకు సోఫా మీది సరదాలా కనిపిస్తే ఇక నేనేం చెప్పను.

ఫ్రిస్కో ఫణి:
చలిమంట గారూ, ఇది చెప్పినందుకు థాంక్స్. నేను ఏదో పిల్లాడి ప్రశ్న అని మొదలుపెట్టాను.

పెరుగన్నం:
చదివాను. సోఫా మాట నేనూ వెనక్కి తీసుకుంటున్నాను, పిల్లల మాట ఇంకా ముందే తీసుకోవాల్సింది.

కానీ ఆ పెద్దాయన కొట్టలేదు కదా? నిలబడ్డాడు, అంతే.

నేను చెప్పనిది చెప్తాను. మావాడికి ఇప్పుడు పదిహేడు. పదిహేనేళ్ళకే ఆరడుగుల రెండంగుళాలు, మా ఇంట్లో ఎవరికీ ఆ పొడుగు లేదు. ఆడేది డిఫెన్స్, పాస్ బాగా ఇస్తాడని పాత కోచ్ మెచ్చుకునేవాడు. కొత్త కోచ్ వచ్చాడు. ఇక్కడ పిల్లల హాకీలో కొట్టుకుంటే బయటికి పంపి తర్వాత కొన్ని మ్యాచ్‌లు ఆడనివ్వరు, కాబట్టి "కొట్టు" అని ఏ కోచూ నోటితో అనడు. వీడితో అన్నది ఏంటంటే, "మన సెంటర్ కుర్రాడు చిన్నవాడు, వాణ్ణి అందరూ గుద్దేస్తున్నారు. నీ సైజు చూసుకో. గోల్స్ సంగతి వాళ్ళు చూసుకుంటారు." అంతే. పదిహేనేళ్ళ వాడికి ఇంకేం కావాలి?

ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని ఎడమచేత్తో స్పూన్ పట్టుకున్నాడు. మా ఇంట్లో పెరుగన్నం స్పూన్‌తో తినడం ఏనాడూ లేదు. కుడిచెయ్యి స్వెట్‌షర్ట్ జేబులోంచి తియ్యడు. నేనే లాగి చూశాను. కణుపులు పగిలి, ఉంగరం వేలు వాచి నల్లబడింది. అవతలి కుర్రాడికి ఏమయిందో అడిగితే "ఏం కాలేదమ్మా" అన్నాడు. తర్వాత తెలిసింది, వాడి ముందు పన్ను విరిగింది. వాడికీ పదిహేనేళ్ళే, వాడికీ ఎక్కడో ఒక అమ్మ ఉంటుంది.

సస్పెన్షన్ అయ్యి వీడు మొదటిసారి ప్రాక్టీసుకి వెళ్తే జట్టంతా కర్రలు ఐస్ మీద కొట్టి స్వాగతం చెప్పారు. రెండేళ్ళు ఆ జట్టులో ఆడాడు, వాడి పేరు సరిగ్గా పలికినవాడు ఒక్కడు లేడు. ఆ వారం వాడికి ముద్దుపేరు పెట్టారు. ఎంత సంతోషంగా వచ్చి చెప్పాడో. నాకు వాడి చెయ్యి చూసినప్పటి కంటే ఆ మొహం చూసినప్పుడు ఎక్కువ భయమేసింది. నేను బూగార్డ్ గురించి చదవడం మొదలుపెట్టింది ఆ రాత్రే.

మీకు పక్కన నిలబడే మనిషి కావాలి, నాకు అర్థమైంది. ఆ నిలబడే మనిషికి నేను అమ్మని. అంతే తేడా.

నేవార్క్ నైట్‌షిఫ్ట్:
అక్కా... సమోసా జోకు వేసినందుకు సారీ.

చలిమంట:
చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు.

ఆయన కొట్టలేదు, నిజమే. కానీ కొట్టగలడని ఆ గోడౌన్‌లో అందరికీ తెలుసు. అది లేకపోతే ఆ రెండు ముక్కలకి ఎవడూ భయపడేవాడు కాదు. అందుకే పూర్తిగా తీసేస్తే ఆ చిన్న కుర్రాడి సంగతేంటి అన్న ప్రశ్న నాకు అలాగే ఉంది. వాణ్ణి గుద్దేవాళ్ళని ఎవరు ఆపుతారు?

పెరుగన్నం:
రిఫరీ ఆపాలి. దానికే జీతం. గుద్దినవాణ్ణి ఐదు మ్యాచ్‌లు కూర్చోబెడితే ఆ చిన్న కుర్రాడి జోలికి ఎవడూ రాడు. క్యూబెక్ జూనియర్ లీగ్‌లో 2023 నుంచి కొట్టుకుంటే ఆ మ్యాచ్ నుంచి బయటికే, ఆట నడుస్తూనే ఉంది. మీ గోడౌన్‌లో తప్పు ఫోర్క్‌లిఫ్ట్ వాడిది సగం, సూపర్‌వైజర్‌ది సగం. మీరు సూపర్‌వైజర్‌ని వదిలేసి పెద్దాయనకి దండ వేస్తున్నారు. నా కొడుకు కొట్టగలడని అందరికీ తెలియాలంటే ముందు ఎవడి పన్నో ఒకటి విరగాలి కదా.

చలిమంట:
సూపర్‌వైజర్లు మారతారని మీ నమ్మకం. నాకు లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ళ భద్రత విభాగానికి పెద్ద ఎవరో తెలుసుగా, జార్జ్ పారోస్. 2013 అక్టోబర్‌లో మాంట్రియల్లో కొట్లాటలో మొహం ఐస్‌కి కొట్టుకుని స్పృహ తప్పితే స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. 2017లో ఆయనకే ఆ కుర్చీ ఇచ్చారు. ఆలూరోడు తాత అడిగిన ప్రశ్నే నాకూ వస్తోంది ఒక్కోసారి.

బాబు ఇప్పుడు ఆడుతున్నాడా?

పెరుగన్నం:
ఆ జట్టు మాన్పించాను. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆదివారాలు హౌస్ లీగ్‌లో (సరదాకి ఆడే స్థానిక లీగ్) ఆడుతున్నాడు, చెకింగ్ లేదు. పేరు ఇంకా తప్పే పలుకుతారు.

ఆలూరోడు:
అక్కా, బాబుని ఒకసారి మా ఊరు తీసుకురా. దసరాకి వద్దులే, సంక్రాంతికి రా.

ఫ్రిస్కో ఫణి:
మావాడు మళ్ళీ ఎప్పుడు వెళ్దాం అంటున్నాడు. టికెట్లు చూస్తున్నాను, ఈసారి కొంచెం పైన, గ్లాసుకి దూరంగా. వాడికి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.

అడ్డప్రశ్న:
అంతా బాగానే ఉంది. కానీ 5+2+10 విషయంలో నేను చెప్పింది కరెక్ట్ అని ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.